ఇన్‌కమ్ ట్యాక్స్ తీసేస్తే ఆ బరువు సీమ ఇళ్ల మీదే పడుతుంది

బడ్జెట్ దగ్గర పడిందంటే చాలు, ఒక కోరిక మళ్లీ వినిపిస్తుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ పూర్తిగా ఎత్తేయండి, కావాలంటే కొనే వస్తువు మీద ఆ పన్ను వేసుకోండి అని. వినడానికి బాగానే ఉంటుంది. రిటర్నులు ఉండవు, నోటీసులు ఉండవు, ఆడిటర్ చుట్టూ తిరిగే పని ఉండదు. ఆదాయపు పన్ను రద్దు చేయాలని మాజీ కేంద్ర మంత్రి సుబ్రమణ్యస్వామి ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. అమెరికాలో ‘ఫెయిర్ ట్యాక్స్’ పేరుతో ఇదే ఆలోచన 1999 నుంచి బిల్లు రూపంలో తిరుగుతోంది. ఆదాయం మీద పన్ను వద్దు, దేశమంతా ఒకే అమ్మకం పన్ను 23 శాతం అంటుందా బిల్లు. ఆ 23 కూడా పన్నుతో కలిపిన ధరలో 23. మనం జీఎస్టీ లెక్కించే పద్ధతిలో చూస్తే అది 30 శాతం. ఇన్నేళ్లలో అది ఒక్కసారి కూడా చట్టం కాలేదు.

అనంతపురంలో కూర్చుని ఈ ప్రతిపాదనను ఎటు నుంచి చూసినా మనకు నష్టమే కనిపిస్తోంది. రాయలసీమలో అత్యధికుల సంపాదన నెలాఖరుకల్లా ఖర్చయిపోతుంది. మిగిల్చేవాడికి మేలు చేసి, ఖర్చు పెట్టేవాడి మీద భారం వేసే పన్ను ఇక్కడి వాళ్లకు ఎలా సరిపోతుంది?

ఉద్యోగుల కోపాన్ని నేను తీసిపారేయడం లేదు. జీతగాడి పన్ను డబ్బు చేతికి రాకముందే టీడీఎస్ రూపంలో పోతుంది. పక్క వీధిలో అతనికి రెండింతలు సంపాదించేవాడు ఆదాయాన్ని సగానికి సగం తగ్గించి చూపి దర్జాగా తిరుగుతాడు. ఇది అన్యాయమే. కానీ ఆ రెండోవాడిని పట్టుకోవడం చేతకాలేదని పన్నునే ఎత్తేస్తే, అందరికంటే ఎక్కువ లాభపడేది కూడా వాడే.

పైగా ఇప్పుడు ఆదాయపు పన్ను కట్టేది ఎవరు? 2025 బడ్జెట్ తర్వాత కొత్త విధానంలో జీతగాళ్లకు 12 లక్షల 75 వేల దాకా పన్ను లేదు. కడపలో నెలకు 80 వేలు తీసుకునే టీచరమ్మ జీతం ఏడాదికి 9 లక్షల 60 వేలు. ఆమె కట్టాల్సిన పన్ను సున్నా. అంటే ఈ పన్ను పోతే బాగుపడేది ఆమె కంటే పైనున్నవాళ్లు.

లెక్క వేసి చూద్దాం. 2024-25లో దేశమంతటా వసూలైన స్థూల జీఎస్టీ 22 లక్షల కోట్ల పైచిలుకు. అదే ఏడాది కంపెనీల పన్ను పోను మిగతా ఆదాయపు పన్ను దాదాపు 12 లక్షల కోట్లు. ఈ 12ను కూడా అమ్మకాల మీదే రాబట్టాలంటే ఇప్పుడున్న ప్రతి రేటు సగానికి పైగా పెరగాలి. 5 శాతం ఉన్నది దాదాపు 7.7 అవుతుంది, 18 ఉన్నది 28కి చేరుతుంది. అదీ జనం కొనుగోళ్లు ఏమాత్రం తగ్గించుకోకపోతేనే. 2025 సెప్టెంబరు 22న సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్ మీద 18 నుంచి 5కి, సిమెంటు మీద 28 నుంచి 18కి తగ్గించారు. ఆ ఊరట కాస్తా ఒక్క దెబ్బతో పోతుంది.

ఇప్పుడు రెండు ఇళ్లు ఊహించుకోండి. ఒకటి అనంతపురం మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీది. ఇంటిల్లిపాదీ కష్టపడితే నెలకు 15 వేలు, అంతా ఖర్చే. అందులో 6 వేలు 5 శాతం వస్తువులకు, 3 వేలు 18 శాతం వాటికి పోతుందనుకుందాం. కూరగాయలు, పాలు, ఇంటి బాడుగకు పన్ను లేదు. కొత్త రేట్లు వస్తే ఆ ఇంటి మీద అదనంగా నెలకు 400, ఏడాదికి 4,800 పడుతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ రద్దు వల్ల అతనికి మిగిలేది ఒక్క రూపాయి కూడా లేదు, ఎందుకంటే అతను ఎప్పుడూ కట్టలేదు.

రెండోది ఇదే ఊరి నుంచి బెంగళూరు వెళ్లి 24 లక్షల 75 వేల జీతం తీసుకునే ఇంజినీరుది. సెస్సుతో కలిపి ఇప్పుడతను కట్టేది 3 లక్షల 12 వేలు. నెలకు 60 వేలు ఖర్చు పెట్టి, కొన్నవన్నీ 18 శాతం సరుకే అనుకున్నా కొత్త పద్ధతిలో ఏడాదికి పడేది 60 వేలే. అతనికి రెండున్నర లక్షలు మిగులుతాయి. హమాలీ కట్టిన 4,800 లాంటివి ఎన్ని చేరితే ఆ రెండున్నర లక్షలకు సమానమవుతాయి? 50కి పైగా ఇళ్లు.

రైతు సంగతి ఇంకా ఘోరం. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను వేయదు కాబట్టి రద్దు వల్ల వేరుశనగ రైతుకు కలిసొచ్చేదేమీ లేదు. ఎరువు, పురుగుమందు, డ్రిప్ పైపు, ట్రాక్టర్ అన్నిటి మీదా అతను జీఎస్టీ కడుతున్నాడు. వ్యాపారి అయితే తాను కొన్నదాని మీద కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్ కింద తగ్గించుకుంటాడు. రైతుకు ఆ దారి లేదు, కట్టింది కట్టినట్టే పోతుంది. డ్రిప్, స్ప్రింక్లర్ పరికరాల మీద పన్ను 12 నుంచి 5కి ఇప్పుడిప్పుడే దిగింది. బోరు నీటిని చుక్క చుక్క పొదుపు చేసుకుని బతికే జిల్లాలో దాన్ని మళ్లీ పెంచే ఆలోచనకు నేను ఒప్పుకోలేను.

ఖజానాకు పడిన చిల్లును అంగడి గల్లాపెట్టె దగ్గర పూడ్చడం మన జిల్లాలకు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్య నిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. సారా ఆదాయం పడిపోయింది. ఆ లోటు పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను తెచ్చారు. నిషేధం తర్వాత కాలంలో సడలిపోయింది. అమ్మకం పన్ను మాత్రం 2005లో వ్యాట్‌గా, 2017లో జీఎస్టీగా పేరు మార్చుకుంటూ ఇప్పటికీ మన బిల్లుల మీదే ఉంది.

వసూలు సులువన్న వాదన కూడా ఉంది. దానికి మన అంగళ్లే సమాధానం చెబుతాయి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం పన్ను పడింది. తర్వాత మార్కెట్లోకి ఏమొచ్చింది? 26 కిలోల బస్తా. ఒక్క కిలో కలిపితే పన్ను లేదు. పెట్రోలు సంగతీ అంతే. మన రాష్ట్రంలో 31 శాతం వ్యాట్, దాని పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి వైపు వెళ్లేదాకా ఆగి ట్యాంకు నింపుకునేవాళ్లు ఉన్నారు. దేశమంతా ఒకే రేటు అయితే సరిహద్దు తేడా పోతుంది, నిజమే. కానీ "బిల్లు వేస్తే ఇంత, లేకుంటే ఇంత, ఏం చేయమంటారన్నా?" అనే ప్రశ్న పోదు. ఇంటికి టైల్స్ కొనేటప్పుడో, మోటారు కొనేటప్పుడో ఈ మాట విననివాళ్లు తక్కువ. 18 శాతానికే ఇలా ఉంటే 28కి ఎలా ఉంటుంది? ఇప్పుడు బంగారం మీద జీఎస్టీ 3 శాతమే. దాన్ని అమెరికా బిల్లులో చెప్పినట్టు 30 చేస్తే ప్రొద్దుటూరు బంగారం మార్కెట్‌లో బిల్లుతో కొనేవాళ్లు ఎంతమంది మిగులుతారు? జీఎస్టీలో ఫ్యాక్టరీ నుంచి అంగడి దాకా మెట్టు మెట్టుకూ పన్ను పడుతుంది కాబట్టి ఒకచోట జారినా ఇంకోచోట కొంతైనా దొరుకుతుంది. ఫెయిర్ ట్యాక్స్‌లో మొత్తం పన్ను చివరి అంగడివాడి చేతిలోనే ఉంటుంది. అతను బిల్లు వేయకపోతే ప్రభుత్వానికి వచ్చేది సున్నా.

పేదల మీద పడే పన్నును నెలనెలా ముందే బ్యాంకులో వేస్తాం అంటారు ఆ బిల్లును సమర్థించేవాళ్లు. ఆధార్, జన్‌ధన్ ఉన్నాయి కదా, మన దగ్గర ఇంకా సులువు అనేవాళ్లూ ఉన్నారు. కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి పిల్లాపాపలతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి పోయే కుటుంబాలను ఒకసారి తలచుకోండి. వేలిముద్ర పడకపోయినా, ఖాతా ఆగిపోయినా ఆ నెల డబ్బు రాదు. పన్ను మాత్రం నూనె ప్యాకెట్ కొన్న పూటే కట్టాలి. కట్టించుకోవడం గ్యారంటీగా జరుగుతుంది, తిరిగి ఇవ్వడం మాత్రం ఆఫీసుల దయ మీద ఆధారపడి ఉంటుంది.

జీతగాళ్లకు న్యాయం చేయడానికి వేరే దారులున్నాయి. అమెరికాలో ఆదాయపు పన్ను శ్లాబులు ధరలతో పాటు ఏటా వాటంతటవే మారతాయి. ఇక్కడ ఆర్థిక మంత్రి తలచుకుంటేనే మారతాయి. ఆ పద్ధతి మనమూ తెచ్చుకోవచ్చు. రీఫండు ఆలస్యం కాకుండా ఖాతాలో పడేలా చూడాలి. ఆదాయం దాచేవాళ్లను పట్టుకోవడానికి జీఎస్టీ రిటర్నులు, భూముల రిజిస్ట్రేషన్ల సమాచారం ఇప్పటికే ప్రభుత్వం చేతిలో ఉంది, దాన్ని గట్టిగా వాడాలి. ఏదైనా ఒక పన్ను పూర్తిగా తీసేసే స్తోమత ఖజానాకు నిజంగా ఉంటే, రైతు తిరిగి రాబట్టుకోలేని డ్రిప్ పైపు, ఎరువుల మీద ఉన్న ఆ 5 శాతాన్ని ముందు సున్నా చేయమని మన ఎంపీలు పార్లమెంటులో అడగాలి.