జాలారిపేటలో పేచీ, ఎంవీపీ కాలనీలో థెరపీ

కుక్కర్ విజిల్ వేయగానే రెండు చెవులూ మూసుకుని మూలకు పరుగెత్తే మూడేళ్ల పిల్లవాడు విశాఖపట్నంలో ఏ పేటలోనైనా కనిపిస్తాడు. కాస్త కలిగినవాళ్లుండే ఎంవీపీ కాలనీలో అయితే ప్లేస్కూల్ టీచర్ మాట మీద ఆ తల్లి అతణ్ని ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకునేలా తర్ఫీదిచ్చే చికిత్సకులు) దగ్గరకు తీసుకెళుతుంది. మత్స్యకారులుండే జాలారిపేటలో 'మా గుంటడికి పేచీ ఎక్కువ' అని సరిపెట్టుకుంటారు, లేదా దిష్టి తీస్తారు. ఇద్దరి ఇబ్బందీ ఒకటే కావచ్చు; దానికి దొరికే పేరు మాత్రం ఇంటి ఆదాయాన్ని బట్టి మారుతోంది.

శబ్దం, స్పర్శ, వెలుతురు, ఒంటి సమతూకం, కండరాల నుంచి అందే సంకేతాలు, వీటిని మెదడు సర్దుకోలేకపోవడాన్నే సెన్సరీ ప్రాసెసింగ్ ఇబ్బంది అంటున్నారు. చొక్కా లోపలి లేబుల్ గుచ్చుకుంటుందని ఏడవడం, తల దువ్వనివ్వకపోవడం, ముద్ద మెత్తగా ఉంటే ఉమ్మేయడం దాని రూపాలే. ఈ ఆలోచనకు పునాది వేసినవారు అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఏయర్స్. దీనిని ప్రత్యేక జబ్బుగా వైద్యలోకం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. 2012లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఈ పేరుతో నిర్ధారణ చేయవద్దని సూచించగా, 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ దీనిని ఆటిజం లక్షణాల్లో ఒకటిగా మాత్రమే చేర్చింది.

పేదరికంతో దీని సంబంధం గురించి మాట్లాడేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. అమెరికాలో ఒక శివారు ప్రాంతంలో బడిలో చేరబోతున్న 1,796 మంది పిల్లల తల్లిదండ్రులకు ప్రశ్నావళి ఇస్తే 703 మంది తిరిగి పంపారు. వాటిలో 96 మంది పిల్లలకు ఇబ్బంది ఉన్నట్టు తేలింది. జవాబిచ్చినవారిలో చూస్తే ఇది 13.7 శాతం, జవాబివ్వని ఇళ్లలో ఒక్క పిల్లవాడికీ ఇబ్బంది లేదనుకుంటే 5.3 శాతం. 2004లో అచ్చయిన ఆ పరిశోధన తరువాత అందరూ ఉటంకించింది ఈ రెండో అంకెనే. కాగితం తిరిగి రాని ఇళ్లను ఎలా లెక్కిస్తామన్నదాన్ని బట్టి జవాబు రెండింతలకు పైగా మారిపోయింది. తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లల్లో సమస్య ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెబుతున్నప్పుడు కూడా, వాటిలో చాలా వరకు కొలిచింది పిల్లవాణ్ని కాదు, పిల్లవాడి గురించి తల్లి చెప్పిన మాటను. అలసిన తల్లి 'ఎప్పుడూ' అని టిక్కు పెట్టే చోట తీరిక ఉన్న తల్లి 'అప్పుడప్పుడు' అని పెట్టవచ్చు.

అలాగని సంబంధమే లేదనడం కూడా సరికాదు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఈ ఇబ్బందులు ఎక్కువ. ఇనుము లోపం నరాల పైపొర ఏర్పడటాన్ని దెబ్బతీస్తుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 63 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒకే గదిలో ఆరుగురు, పక్కింటి టీవీ, ఆ పక్కనే లారీల రోడ్డు ఉంటే, తట్టుకోలేని చెవికి తలదాచుకునే మూల కూడా ఉండదు.

ఇక్కడే ఒక వింత. బరువైనవి లాగించడం, ఇసుకలో ఆడించడం, ఊయల ఊపడం థెరపీ గదుల్లో డబ్బు తీసుకుని చేయించే పనులు. జాలారిపేట పిల్లలకు ఇసుక, తాళ్లు, పడవల అంచులు ఊరికే దొరుకుతాయి. దీన్ని చూసి పేదరికమే మందు అని మురిసిపోనక్కర లేదు: ఇసుక తగిలితేనే కేకలు పెట్టే పిల్లవాడికి ఆ తీరమే నరకం. అతణ్ని మెల్లగా అలవాటు చేయవచ్చని ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

చెప్పగల చోటు అంగన్‌వాడీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అక్కడి పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఆ పథకం మొదట ఎంచుకున్న 30 సమస్యల్లో మాట ఆలస్యం, నడక ఆలస్యం, ఆటిజం ఉన్నాయి. సెన్సరీ ఇబ్బంది విడిగా లేదు. అయితే రోజూ అన్నం పెట్టే ఆయాకు ఏ పిల్లవాడు గుడ్డు ముట్టడో, ఎవరు చప్పుడుకు ఉలిక్కిపడతారో ముందే తెలుసు. ఆ పరిశీలనను రాసుకునే గడి ఒకటి రిజిస్టరులో ఉంటే చాలు, పెద్ద పరికరాలేవీ అక్కరలేదు.

తరువాతి మెట్టే కష్టం. థెరపీ అంటే వారం వారం, నెలల తరబడి వెళ్లాలి. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మే తల్లికి పొద్దుటి పూట అపాయింట్‌మెంటు అంటే ఆ రోజు సంపాదన పోయినట్టే. ప్రభుత్వ థెరపిస్టు నెలకు రెండు మధ్యాహ్నాలు ఆ పేట అంగన్‌వాడీకే వచ్చి కూర్చుంటే, ఆమె ఖాళీ తట్ట గుమ్మం దగ్గర దించి లోపలికి రాగలదు.