ముందు నెగెటివ్ చూపించండి

హైదరాబాద్‌లో ఫిల్మ్ కెమెరాలు మళ్లీ బయటికొచ్చాయి. సంతోషమే. ఆదివారం పొద్దున్నే చార్మినార్ చుట్టూ ఒక రౌండ్ వేస్తే ఎవరో ఒకరి మెడలో పెంటాక్స్ కె1000 కనిపిస్తుంది. ఆ కెమెరా తయారీ 1997లోనే ఆగిపోయింది. దాన్ని వేసుకుని తిరిగే పిల్లల్లో చాలామంది ఆ తర్వాత పుట్టినవాళ్లే. బీరువాలో నాన్నగారి యాషికా దొరికినవాళ్లు, జుమేరాత్ బజార్‌లో బేరమాడి కొనుక్కున్నవాళ్లు, అందరూ తీస్తున్నారు. తీసినవి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. నా కంప్లైంట్ అంతా చూపించాక మనం అనే మాటల మీదే.

ఏమంటున్నాం? "అన్నా, గ్రెయిన్ కేక." (ఫిల్మ్ ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే సన్నటి రవ్వలే గ్రెయిన్.) "ఆ కలర్స్ చూడు భాయ్, డిజిటల్‌లో రావు." "ఏ రీలు అన్నా, గోల్డ్ 200 ఆ, పోర్ట్రా ఆ?" అయిపోయింది. ఫొటోలో ఉన్న మనిషి ఏం చేస్తోంది, వెలుగు ఎటు నుంచి పడింది, ఫ్రేమ్ అంచున ఏం తెగిపోయింది, ఒక్కరూ అడగరు. కూర ఎలా ఉందని అడిగితే "కట్టెల పొయ్యి మీద చేశారా, అద్భుతం" అన్నట్టుంది వ్యవహారం. అసలు కారణం మొహమాటం అని నా అనుమానం. రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటిపోతోంది. అంత ఖర్చు పెట్టుకున్నవాడి ముందు "ఇది బాలేదు" అనడానికి నోరు రాదు. అందుకని గ్రెయిన్‌ని పొగిడేసి బయటపడతాం.

పోనీ, ఆ పొగడ్త అయినా సరైన చోటికి చేరుతోందా? కలర్ నెగెటివ్‌ని, అంటే కడిగాక వెలుగున్న చోట దట్టంగా, నీడున్న చోట పలచగా తారుమారై కనిపించే ఫిల్మ్‌ని, ఎప్పుడైనా చేత్తో పట్టుకుని చూశారా? మొత్తం నారింజ రంగులో ఉంటుంది. అందులోంచి మామూలు రంగులు తీయాలంటే ఎవరో ఒకరు ఏ రంగు ఎంత ఉండాలో తేల్చాలి. కడగడం వరకు పెద్దగా తేడా రాదు. కలర్ నెగెటివ్‌లన్నింటికీ సి-41 అనే ఒకటే పద్ధతి, డెవలపర్ (బొమ్మను బయటికి తెచ్చే మందు) సుమారు 38 డిగ్రీల దగ్గర, మూడుంపావు నిమిషాలు. తేడా అంతా స్కానర్ దగ్గరే. అదే నెగెటివ్‌ని రెండు ల్యాబ్‌లకు ఇచ్చి చూడండి, ఒకచోట ఆకాశం నీలంగా వస్తుంది, ఇంకోచోట ఆకుపచ్చ చాయ కొడుతుంది. మనం "ఆహా ఫిల్మ్ కలర్స్" అని మురిసిపోయేది చాలాసార్లు మధ్యాహ్నం భోజనానికి ముందు గబగబా బటన్లు నొక్కిన ల్యాబ్ కుర్రాడి అభిరుచిని. అతనికి ఆ సంగతి తెలిస్తే జీతం పెంచమంటాడు.

గ్రెయిన్ కథ ఇంకా విచిత్రం. ఆ మధ్య ఫిల్మ్ మీద తీసేవాళ్లం కొందరం ఒక కేఫ్‌లో కలిసినప్పుడు డిగ్రీ చదివే ఒక అమ్మాయి, మలక్‌పేటలో వాళ్ల నానమ్మ కిటికీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న ఫొటో చూపించింది. మాలో చాలామందిమి మామూలు పాటే పాడాం. మాతో పాటు ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు స్టూడియోలో టచింగ్ చేసినాయన, అంటే నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొహం మచ్చలు పూడ్చే పని. ఆయన ఫొటోని ఒక్క చూపు చూసి, "నెగెటివ్ ఉందా అమ్మా?" అన్నారు. అదృష్టం, బ్యాగ్‌లోనే ఉంది. ఫోన్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, దాని మీద స్ట్రిప్ (వరసగా కొన్ని ఫ్రేములుండే నెగెటివ్ ముక్క) పరిచి చూపించారు. కిటికీ ఉన్న చోట నల్లగా దట్టంగా ఉంది. నానమ్మ మొహం, చీర ఉన్న చోట దాదాపు ఏమీ లేదు, ఖాళీ ఫిల్మే. "కిటికీ వెలుతురు చూసి కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మోసపోయింది. దగ్గరికెళ్లి మొహం దగ్గర కొలిచి ఉంటే సరిపోయేది. మీరంతా గ్రెయిన్ అంటున్నది, లేని నీడల్ని స్కానర్ బలవంతంగా లాగితే వచ్చిన రచ్చ" అన్నారు.

తర్వాత ఇంకో మాట అన్నారు. "ఆమె చూపంతా కాయల మీదే ఉంది కదా, చేతుల్ని ఎందుకు కోసేశావు?" చుట్టూ ఉన్నవాళ్లు కాస్త ఇబ్బందిగా కదిలారు. ఆ అమ్మాయి మాత్రం స్ట్రిప్‌లో పక్క ఫ్రేమ్ చూపించి, "ఇందులో చేతులున్నాయి అంకుల్, కానీ కళ్లు మూసుకుంది" అంది. అక్కడి నుంచి మొదలైంది అసలు చర్చ. కళ్లు మూసుకున్నదే మంచి ఫొటో అని కొందరు, కాదని ఇంకొందరు. టీ చల్లారిపోయింది. విమర్శ అంటే నాకు తెలిసి అదే. అది జరగడానికి కారణం స్ట్రిప్ బల్ల మీద ఉండడం.

అందరికీ టచింగ్ చేసిన చేయి ఉండదు, నిజమే. కానీ నెగెటివ్‌ని చదవడం మనం భయపడేంత కష్టం ఏమీ కాదు. అంచున కంపెనీ వాళ్లు ముద్రించిన అక్షరాలు, ఫ్రేమ్ నంబర్లు ఉంటాయి కదా, వాటిని చూడండి. అవి స్పష్టంగా, దట్టంగా ఉండి బొమ్మ మాత్రం పలచగా ఉంటే తీసినప్పుడే వెలుగు చాల్లేదని అర్థం. అంచు అక్షరాలు కూడా వెలిసిపోయినట్టుంటే అనుమానం కడిగిన చోటి మీదికి మళ్లుతుంది. ఎవరి తప్పో కాగితం మీద రాసిపెట్టినట్టు ఉంటుంది. మనమేమో స్కాన్ చూసి "మూడీగా ఉంది" అంటున్నాం.

ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ కడుక్కునేవాళ్లకైతే మన ఊరు ప్రత్యేకంగా పరీక్ష పెడుతుంది. డి-76 లాంటి డెవలపర్‌కి 20 డిగ్రీలు కావాలి. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. చల్లటి డెవలపర్‌లోంచి తీసి ఆ నీళ్లలో ముంచితే ఎమల్షన్, అంటే ఫిల్మ్ మీది మందు పూత, ముడతలు పడొచ్చు. ఇక బోరు నీళ్లు. ఆరాక నెగెటివ్ మీద సున్నపు చుక్కలు మిగిలితే ఫొటోలో అవి తెల్ల మచ్చలవుతాయి. చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది. ఇవన్నీ చూసి "వింటేజ్ టెక్స్చర్" అనేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలియదు.

చిన్నపాటి సంగతి ఇంకోటి. పాత కెమెరాల్లోని మీటర్‌కి లోకమంతా బూడిద రంగే. చౌమహల్లా ప్యాలెస్ తెల్లటి గోడల ముందు నిలబడితే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, నీడలు పోతాయి. లాడ్ బజార్‌లో ఫ్రేమ్ నిండా నల్ల బుర్ఖాలుంటే చీకటనుకుని పెంచేస్తుంది. నెగెటివ్ ఫిల్మ్ ఒకటి రెండు స్టాప్‌లు, అంటే వెలుగు రెండింతలో నాలుగింతలో, ఎక్కువైనా తట్టుకుంటుంది కాబట్టి రెండోది బతికిపోతుంది, మొదటిది బతకదు. ఫొటో చూపించినవాళ్లకి ఈ ఒక్క మాట చెప్పినా వాళ్ల తర్వాతి రీలు బాగుపడుతుంది. "కేక" అంటే ఏం బాగుపడుతుంది?

టెక్నిక్ అంతా కుదిరినా అడగాల్సింది మిగిలే ఉంటుంది. పాతబస్తీలో తెల్లగడ్డం తాత, తలమీద టోపీ, బ్లాక్ అండ్ వైట్, పొగలు కక్కే ఛాయ్. ఈ ఫొటో ఎన్నిసార్లు చూశాం? ఆ తాతతో తీసినవాళ్లు మాట్లాడారా? ఆయన ఏం పని చేస్తాడు? రంగుల్లో తీసి ఉంటే ఆ ఫొటోలో ఏమైనా మిగిలేదా? ఈ ప్రశ్నలు అడిగితే "నెగెటివ్ మనిషి" అంటారు. ఫిల్మ్ వాడేవాళ్లు ఆ మాటను తిట్టులా వాడడం ఏమిటో!

అన్నింటికన్నా నాకు మంట పుట్టించేది ఇది. చాలామంది ల్యాబ్‌లో "స్కాన్స్ పంపండి చాలు" అని చెప్పి నెగెటివ్‌లు తెచ్చుకోవట్లేదు. కొన్నాళ్లు చూసి ల్యాబ్‌వాళ్లు పారేస్తారు, వాళ్లననీ లాభం లేదు. ఇదే ఊళ్లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఇప్పటికీ ఉన్నాయి. కింద పడితే పగిలిపోయే గాజు వందేళ్లు దాటి నిలిచింది. మనం మడిచినా విరగని ప్లాస్టిక్ రీలుని నెలరోజులు కాపాడుకోలేకపోతున్నాం. హార్డ్ డిస్క్ పోయిన రోజు ఆ ఇరవై రకాల ఫిల్టర్లు వేసిన స్కాన్ కూడా ఉండదు.

కాబట్టి నా వరకు నేను ఒకటి అనుకున్నాను. ఈసారి కలిసినప్పుడు ఫోన్‌లో ఒక్క ఫొటో చూపించి "ఎలా ఉంది" అంటే బాగుందని కూడా అనను, బాలేదని కూడా అనను. స్ట్రిప్ తెండి, ముందు ఫ్రేమూ వెనక ఫ్రేమూ చూద్దాం. అంచులు పట్టుకునే చూస్తాను, వేలిముద్రలు పడనివ్వను. నావీ తెస్తాను, మొహమాటం లేకుండా ఉతికేయండి. "గ్రెయిన్ కేక" అన్నవాళ్లు మాత్రం ఆ రోజు అందరి ఛాయ్, ఉస్మానియా బిస్కెట్ల బిల్లు కట్టాలి.