గాజు గొట్టంలో గెలిచిన ఆకు

పోయిన వారం బాబాయి ఒక డబ్బా ఫొటో పంపాడు. ఆయనకు పార్కిన్సన్స్, అంటే మెదడులో కొన్ని నాడీకణాలు చచ్చి చేతులు వణికే జబ్బు, వచ్చి నాలుగేళ్లయింది. డబ్బా మీద ఆకు బొమ్మ, దాని కింద "నాడీకణాలకు సహజ రక్షణ, యాంటీ ఆక్సిడెంట్లు పుష్కలం" అని పెద్ద అక్షరాలు. ఫొటో కింద ఒక్కటే ప్రశ్న: "ఏమ్మా, నువ్వు చదివింది ఇదే కదా, వాడమంటావా?"

నేను చదివింది నిజంగా ఇదే. అందుకే సిగ్గేసింది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో నా ప్రాజెక్టు ఒక ఆకు మీద. రిపోర్టు ఆఖరి పేజీలో "ఈ ఆకు సారం నాడీ సంబంధ వ్యాధుల చికిత్సకు ఉపయోగపడే అవకాశం ఉంది" అని రాశాను. దానికోసం నేను చేసిందల్లా ఇది: ఆకులు నీడలో ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ఆ సారాన్ని డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో కలిపాను. ఊదా పోయి పసుపు వచ్చింది. స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్, అంటే ఆ ఊదారంగు పీల్చే కాంతి, తగ్గింది. గ్రాఫ్ గీశాను. అయిపోయింది. నాడీకణం మాట దేవుడెరుగు, ఏ కణమూ ఆ గొట్టంలో లేదు.

డీపీపీహెచ్ ఫ్రీ రాడికలే, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువే, కాదనను. కానీ అది మన ఒంట్లో పుట్టేది కాదు, సీసాలో వచ్చే రసాయనం. దానికి ఒక ఎలక్ట్రానో, హైడ్రోజనో ఇవ్వగలిగిన ఏ పదార్థమైనా ఆ ఊదారంగును పోగొడుతుంది. ఆకుల్లో అలాంటివి బోలెడు. ఈ పరీక్షలో ఫెయిలైన ఆకును నేనైతే ఇంతవరకు చూడలేదు. ఇలాంటిదే ఓరాక్ అని ఇంకో పరీక్ష ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాలకు ఓరాక్ అంకెలు కట్టి పెద్ద పట్టికే పెట్టింది. ఆ అంకెలను కంపెనీలు ప్రచారానికి వాడుకోవడం, వాటికీ మనిషి ఆరోగ్యానికీ సంబంధం తేలకపోవడం చూసి 2012లో ఆ పట్టికను తీసేసింది. పట్టిక పోయింది, ప్రచారం మాత్రం పోలేదు.

అలాగని ఈ ఆశంతా ఉత్తదే అనడం లేదు. మెదడు మన బరువులో 2 శాతమే, కానీ ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. నాడీకణాల పొరల నిండా సులభంగా ఆక్సీకరణ చెందే కొవ్వులు. పార్కిన్సన్స్‌లో దెబ్బతినే కణాల పరిస్థితి ఇంకా ఘోరం. అవి తయారుచేసే డోపమైన్ అనే సందేశ రసాయనమే ఆక్సీకరణ చెంది విషంగా మారగలదు, పైగా ఆ చోట ఇనుము ఎక్కువ. ఇనుము, కణంలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దానంత దూకుడు రాడికల్ ఒంట్లో ఇంకోటి లేదు. చచ్చిన కణం స్థానంలో కొత్తది రాదు. ఇదంతా తెలిసినవాళ్లకు ఆకుల మీదకు మనసు పోవడం సహజమే.

నా కోపం ఆ తర్వాతి మెట్ల మీద. గొట్టం దాటితే వచ్చేది కణాల పరీక్ష. అక్కడ "నాడీకణాలు" అని రాసేవి చాలాసార్లు ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనే కణాలు. 1970లో నాలుగేళ్ల పాప ఒంట్లోని న్యూరోబ్లాస్టోమా క్యాన్సర్ గడ్డ నుంచి తీసిన కణాల సంతతి అవి. లేదంటే పీసీ12. అది ఎలుక అడ్రినల్ గ్రంథి గడ్డది. క్యాన్సర్ కణాలు కాబట్టి ఆగకుండా పెరుగుతాయి, పనికి వీలు. సరే, అది తప్పు కాదు. కానీ ముందు ఆకు సారం పోస్తారు, కొన్ని గంటలు ఆగి హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తారు, కణాలు బతికాయని సంబరపడతారు. గొడుగు వేసి నీళ్లు చల్లి, తడవలేదు చూశారా అన్నట్టు. బాబాయికి చెయ్యి వణకడం మొదలయ్యేసరికే ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటుంది. ఆయనకు వాన ఎప్పుడో మొదలైంది.

మోతాదు గొడవ వేరే. కణాలు పెంచే డిష్‌లో పోసేది పదుల మైక్రోమోలార్లలో (ద్రావణం గాఢతకు కొలత అది). ఆకుల్లోని యాంటీ ఆక్సిడెంట్లలో చాలావి పాలీఫినాల్స్ అనే జాతివి. నోటితో తీసుకున్న పాలీఫినాల్‌ను పేగు, కాలేయం పట్టుకుని దానికి గ్లూకురోనైడో, సల్ఫేటో అనే తోక తగిలించి మూత్రంలోకి తోసేస్తాయి. చాలావాటి విషయంలో రక్తంలో విడిగా మిగిలేది ఒక మైక్రోమోలార్ కూడా ఉండదు. ఆ మిగిలినదీ మెదడు గడప దాటాలి. ఇంకో తమాషా, కణాలు పెంచే ద్రావణంలో ఈ పాలీఫినాల్స్ తమంతట తామే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టించగలవు. బారీ హాలివెల్ అనే బయోకెమిస్టు బృందం 2000లోనే ఈ సంగతి చూపించింది. ఎవరికి పట్టింది?

ఇక మనుషుల మీద ఏం జరిగిందో చూద్దాం. గింకో అనే చెట్టు ఆకు సారం కంటే పేరున్న ఆకు సారం ఈ రంగంలో లేదు. అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3,069 మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల గింకోనో, ఉత్తుత్తి మాత్రనో ఇచ్చి ఆరేళ్లకు పైగా గమనించారు. 2008లో ఫలితం వచ్చింది. గింకో వాడినవాళ్లలో 277 మందికి, వాడనివాళ్లలో 246 మందికి డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, వచ్చింది. అంటే గింకో దాన్ని ఆపలేదు. టీ ఆకులోని ఈజీసీజీ అనే పాలీఫినాల్ డిష్‌లో హీరో. పార్కిన్సన్స్‌కు దాయాది లాంటి మల్టిపుల్ సిస్టమ్ ఆట్రోఫీ ఉన్న 92 మందికి దాన్ని 48 వారాలు పరీక్షించారు. 2019లో తేలింది ఏమిటంటే, జబ్బు నడక మారలేదు, కొందరి కాలేయం మాత్రం దెబ్బతింది. విటమిన్ ఇ కూడా ఆకులు తయారుచేసుకునేదే. దాన్ని పార్కిన్సన్స్ మొదటి దశలో ఉన్నవాళ్లకు రోజుకు 2,000 యూనిట్లు ఇచ్చి చూశారు, మొత్తం 800 మంది ఉన్న పరీక్షలో. 1993లోనే లాభం లేదని తేలిపోయింది. నేను ఎమ్మెస్సీలో చేరడానికి చాలా ముందు. మా క్లాసులో ఎవరూ చెప్పలేదు.

మరి ఆకులు తినేవాళ్ల సంగతి? షికాగోలో 960 మంది పెద్దవాళ్లను సగటున 4.7 ఏళ్లు గమనిస్తే, ఆకుకూరలు బాగా తినేవాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచన 11 ఏళ్లు చిన్నవాళ్లలా ఉన్నాయని 2018లో వచ్చింది. నాకూ సంతోషమేసింది. కానీ ఆకుకూరలు తినేవాళ్లు ఇంకా చాలా మంచి పనులు చేస్తుంటారు. అందుకే లాటరీ వేసినట్టు మనుషుల్ని విడదీసి అలాంటి ఆహారాన్నే మూడేళ్లు పెట్టి చూశారు, 604 మందితో. 2023 ఫలితంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తినండి, మంచిదే. మందు అనకండి.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. నాకు ఇప్పటికీ ఆకులంటే ఆసక్తి పోలేదు, కారణం వేరే. ఆకు ఇవన్నీ మన మెదడు కోసం చేసుకోదు. ఎండ నుంచి, పురుగుల నుంచి తన్ను తాను కాపాడుకోవడానికి చేసుకుంటుంది. అంటే వాటిలో చాలావి మన కణానికి కొంచెం విషం లాంటివే. రోజ్‌మేరీ ఆకులోని కార్నోసిక్ ఆమ్లాన్నే తీసుకోండి. అది ముందు తాను ఆక్సీకరణ చెంది, కణంలోని కీప్1 అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. దాంతో ఎన్ఆర్ఎఫ్2 అనే ఇంకో ప్రొటీన్‌కు సంకెళ్లు తెగుతాయి. అది కేంద్రకంలోకి వెళ్లి కణం సొంత రక్షణ జన్యువులను లేపుతుంది. ఇక్కడ ఆకు పదార్థం కాపలాదారు కాదు, తలుపు కొట్టి కాపలాదారును నిద్రలేపే దొంగ! ఎలుకల్లో ఇది కనిపించింది. ఎన్ఆర్ఎఫ్2ను లేపే డైమిథైల్ ఫ్యూమరేట్‌ను 2013లో అమెరికా, నాడుల తొడుగు దెబ్బతినే మల్టిపుల్ స్క్లీరోసిస్‌కు మందుగా అనుమతించింది కూడా. దాని పనంతా ఈ దారిలోనే జరుగుతుందని చెప్పలేం. కానీ అది మాత్రగా మారింది మోతాదు, దుష్ప్రభావం, మనుషుల పరీక్ష అన్నీ దాటాకే. డీపీపీహెచ్ రంగు పోయిందని కాదు.

మా ల్యాబుల్లో ఇది తెలియక కాదు. నాలుగు నెలల ప్రాజెక్టు, చేతిలో ఉండేది ఒక స్పెక్ట్రోఫొటోమీటర్. టైటిల్‌లో "న్యూరోప్రొటెక్టివ్" అని పెడితే బాగుంటుందని గైడ్ అన్నారు. పెట్టాను. మార్కులు వచ్చాయి.

బాబాయికి ఫోన్ చేశాను. ట్యాబ్లెట్లు టైముకు వేసుకో, నడక మానకు, ఆ డబ్బా తీసుకెళ్లి నీ న్యూరాలజిస్టుకు చూపించు, నువ్వు రక్తం పలచబడే మాత్ర కూడా వాడుతున్నావు కదా, కొన్ని ఆకు సారాలు దానితో పడవు అని చెప్పాను. అంతా విని కాసేపు మాట్లాడలేదు.

"మరి నీ ప్రాజెక్టు పుస్తకం నాకొక కాపీ ఇచ్చావు కదమ్మా," అన్నాడు. "అందులో ఆఖరి పేజీ చూసే కొన్నాను."