నిధులు ఆగిన మరునాడు బోరు నీటిమట్టం ఎవరు కొలవాలి?

ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతానికి నీటి మీదో, కరవు మీదో కొత్త ప్రాజెక్టు వచ్చిందంటే అందులో ఒక ప్రభుత్వ శాఖ, నిధులిచ్చే సంస్థ ఒకటి, రెండు మూడు స్వచ్ఛంద సంస్థలు, పంచాయతీ, రైతుల కమిటీ తప్పనిసరిగా ఉంటాయి. ఎవరు ఎంత డబ్బు పెట్టాలి, ఎన్నేళ్లు పెట్టాలి అన్నవి ఒప్పంద పత్రంలో వివరంగానే రాసుకుంటారు. కానీ ఏ భాగస్వామి ఎంతవరకు తోడు వస్తాడు, ఎక్కడ ఆగిపోతాడు అన్న సంగతిని ముందుగా నోరు విప్పి మాట్లాడుకోవడం చాలా అరుదు. మన ఉమ్మడి ప్రాజెక్టులు ఎక్కువగా దెబ్బతింటున్నది అక్కడేనని నా గట్టి అభిప్రాయం.

రైతుల నిర్వహణలో భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టును చూద్దాం. నెదర్లాండ్స్ సాయంతో నడిచిన బోరుబావుల సాగునీటి పథకం ‘ఏపీవెల్’ అనుభవం మీద, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, 2004 ప్రాంతంలో మొదలై 2010 వరకు సాగిన ఈ ప్రయత్నంలో ప్రకాశం సహా ఏడు కరవు జిల్లాలకు చెందిన 600కు పైగా గ్రామాలు పాలుపంచుకున్నాయి. పలు స్వచ్ఛంద సంస్థలు కలిసి దీన్ని నడిపించాయి. ఇది కొత్త బోర్లు వేయించలేదు, సబ్సిడీలు పంచలేదు. రైతులకు కొలవడం నేర్పింది. ఊళ్లో ఎంపిక చేసిన బోర్లలోకి తీగ దించి పదిహేను రోజులకొకసారి నీటిమట్టం చూసేవారు. మోటారు నీళ్లు పోస్తుంటే డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కగట్టేవారు. వర్షపాతాన్నీ నమోదు చేసి, ఆ అంకెలన్నీ అందరికీ కనిపించే బోర్డు మీద రాసేవారు. ఖరీఫ్ వానలు ముగిశాక రైతులు ఒకచోట కూర్చునేవారు. ఆ ఏడు భూమిలోకి ఇంకిన నీరెంత, తాగునీటికి పక్కన పెట్టవలసిందెంత, రబీలో ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేయదలచుకున్నారు అన్నవి చెప్పుకొని, జమాఖర్చులు వేసుకునేవారు. లోటు కనబడితే వరి తగ్గించుకోమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఎకరం వరికి పట్టే నీటితో రెండు మూడు ఎకరాల ఆరుతడి పంట పండుతుందని తన ఊరి బోర్డే చెబుతున్నప్పుడు రైతు ఆలోచనలో పడతాడు. చాలా చోట్ల పంటలు మారాయి. చదువు అంతంతమాత్రమైన రైతులు, మహిళలు కూడా జలశాస్త్రాన్ని చేతుల్లోకి తీసుకోగలరని నిరూపించిన ఆ పని మన జిల్లా గర్వపడవలసినది.

అయితే నిధులు ముగిశాక అనేక గ్రామాల్లో ఆ కొలతలు క్రమంగా ఆగిపోయాయి. రైతుల్లో శ్రద్ధ తగ్గిందని దీనికి సులువుగా కారణం చెప్పేయవచ్చు గానీ, నేను దానితో ఏకీభవించను. పదిహేను రోజులకొకసారి నీటిమట్టం చూసే మనిషికి చిన్నపాటి ప్రతిఫలమైనా ఎవరివ్వాలి, పరికరం పాడైతే కొత్తది ఎవరు కొనాలి, రైతులు రాసిన రిజిస్టరును ఏ అధికారి చూసి ఏ నిర్ణయానికి వాడుకోవాలి అన్న ప్రశ్నలకు స్థిరమైన జవాబు లేదు. భూగర్భ జలాల నియంత్రణకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ఉంది. ఈ రైతు కమిటీలకు మాత్రం చట్టబద్ధమైన అధికారమేదీ లేదు. ఆ తర్వాత అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి (ఐఫాడ్) సాయంతో కరవు నివారణ ప్రాజెక్టు వచ్చినప్పుడు, ఎంపికైన అయిదు జిల్లాల్లో ప్రకాశం మళ్లీ ఉంది. కొత్త పథకం వచ్చిన ప్రతిసారీ పాత రిజిస్టరును పక్కనపెట్టి మొదటి పేజీ నుంచి రాసుకోవలసి వస్తే, జిల్లా ఎన్నేళ్లకూ ముందుకు కదలదు.

డబ్బు అయిపోవడం ఒక్కటే భాగస్వామిని ఆపదు, సొంత ప్రయోజనం కూడా ఆపుతుంది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాన్ని జిల్లా యంత్రాంగం, స్వచ్ఛంద కార్యకర్తలు, గ్రామస్థులు భుజం భుజం కలిపి నడిపారు. రాత్రి బడులకు వచ్చిన మహిళలు చదువుతో పాటు తమ బతుకులను గురించీ మాట్లాడుకున్నారు. 1992 నాటికి ఆ జిల్లాలోని దూబగుంట గ్రామం నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. అదే ప్రభుత్వం ఒక చేత్తో పలక ఇస్తూ, మరో చేత్తో ‘వారుణి వాహిని’ అనే తన పథకం కింద అమ్మించే సారా ప్యాకెట్ల మీద ఆదాయం తీసుకుంటోంది. మహిళలు అడ్డుకోవడంతో నెల్లూరులో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ మహిళలది గొప్ప విజయం. కానీ ప్రాజెక్టును రూపొందించేవారు ఇందులో గమనించవలసింది మరొకటుంది: పథకం నిజంగా ఫలించినప్పుడు భాగస్వాముల్లో ఎవరి రాబడికి గండి పడుతుంది? ఈ ప్రశ్నను మొదటి సమావేశంలోనే అడగాలి. భూగర్భ జలాల విషయంలో ఆ నష్టపోయేవారు లోతైన బోరు వేసుకొని వరి పండించే పెద్ద రైతులు కావచ్చు, వారే కమిటీలో ముందు వరుసలోనూ ఉండవచ్చు.

భాగస్వాముల జాబితాలోకే ఎక్కనివారి సంగతి వేరు. కృష్ణా నీటిని మన పడమటి ప్రాంతానికి తెచ్చేందుకు 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాలను 2024 మార్చిలో ప్రారంభించినా, ముంపు గ్రామాల వారికి పునరావాసం అప్పటికి పూర్తికాలేదు. ఊళ్లు ఖాళీ కాకుండా జలాశయం నింపలేమని మొదటి నుంచీ తెలిసినా, ఆ కుటుంబాలను పనిలో భాగస్వాములుగా కాక చివర్లో పరిష్కరించవలసిన సమస్యగా చూడడం వల్ల వచ్చిన చిక్కిది.

అందువల్ల తర్వాతి నీటి ప్రాజెక్టుకు సంతకాలు పెట్టే ముందు, గ్రామసభలోనే ప్రతి భాగస్వామీ తాను తప్పుకునే తేదీని, తన తర్వాత ఆ పనిని అందుకునేవారి పేరును చెప్పాలని నేను కోరుతున్నాను. నీటిమట్టం చూసే మనిషి వేతనంలో సగం మూడో ఏడు నుంచే పంచాయతీ సాధారణ నిధి నుంచి రావాలి. ఆ రిజిస్టరు నకలు ప్రతి సీజనులో భూగర్భ జల శాఖకు, వ్యవసాయ శాఖకు చేరాలి. అంత భారం మోయలేమని పంచాయతీ చెప్పిందే అనుకుందాం. ఆ మాట నిధులు రాకముందే బయటపడుతుంది గనుక, పది బోర్లకు బదులు మూడింటినే కొలిచేలా ప్రణాళికను కుదించుకొని మొదలుపెట్టవచ్చు.