కొండదారిని భాగాలుగా నడిచేవాళ్ళను తక్కువగా చూడకండి

అమెరికాలోని అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కొండదారి మీద ఓ భాగం నడిచి వచ్చానని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట, "మొత్తం ఎప్పుడు పూర్తి చేస్తారు?" అడిగేవాళ్ళకు చెడు ఉద్దేశం ఏమీ ఉండదు, నాకు తెలుసు. కానీ ఆ ప్రశ్న వెనక ఒక తీర్పు ఉంది. మొత్తం నడిస్తేనే నడిచినట్టు, అప్పటిదాకా చేసినదంతా ప్రాక్టీసు కింద లెక్క.

ట్రెయిల్ మీదా ఇదే పరిస్థితి. సాయంత్రం రాత్రి తలదాచుకునే షెల్టర్ దగ్గర బ్యాగు దించగానే ఎవరో ఒకరు "త్రూ హైకరా, సెక్షన్ హైకరా?" అని, అంటే మొత్తం ఒకేసారి నడుస్తున్నారా, భాగాలుగానా అని అడుగుతారు. సెక్షన్ అని చెప్పాక కొందరు ఇంకో మాట లేకుండా అటు తిరిగిపోతారు. అందరూ అలా ఉండరు, చాలామంది మంచివాళ్ళే. అయినా ఆ చిన్నచూపు నాకు బాధ కలిగిస్తుంది, కోపం కూడా తెప్పిస్తుంది. ఆ దారి ఎందుకు పుట్టిందో, ఎవరికోసం పుట్టిందో తెలిస్తే అలా చూడరు. అందుకే ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నాను.

తెలియనివాళ్ళకోసం రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికా తూర్పు కొండల వెంట, జార్జియాలోని స్ప్రింగర్ మౌంటెన్ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా 14 రాష్ట్రాల మీదుగా సాగే కాలిబాట ఇది. దాదాపు 2,200 మైళ్ళు, అంటే 3,500 కిలోమీటర్ల పైచిలుకు. దీన్నంతా 12 నెలల లోపల నడిస్తే త్రూ హైక్ అంటారు. మామూలుగా అయిదు నుంచి ఏడు నెలలు పడుతుంది. వీలు దొరికినప్పుడల్లా కొంత కొంత నడిస్తే సెక్షన్ హైక్.

ఈ దారి ఆలోచన బెంటన్ మెకాయ్ అనే ఆయనది. 1921 అక్టోబరులో ఆర్కిటెక్టుల పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అందులో ఆయన ఆలోచించింది రికార్డుల గురించి కాదు. పరిశ్రమలతో నిండిన నగరాల్లో పనిచేసే జనానికి దొరికే కాస్త తీరికను కొండల మీద ఎలా గడపవచ్చు అన్నదే ఆయన ప్రశ్న. దేశ జనాభాలో సగానికి పైగా ఒక్క రోజు ప్రయాణంలో ఈ కొండలను చేరుకోగలరని లెక్క చూపించాడు. దారిని సెక్షన్లుగా విడగొట్టి, ఒక్కో సెక్షన్ బాధ్యత ఆ ప్రాంతపు జనానికే అప్పగించాలని కూడా ప్రతిపాదించాడు. అంటే "సెక్షన్" అన్న ఆలోచన ఈ దారికి తర్వాత వచ్చి చేరింది కాదు, మొదటి కాగితం మీదే ఉంది. 1923లో న్యూయార్క్ దగ్గర బేర్ మౌంటెన్ ప్రాంతంలో తొలి భాగం తెరిచారు. 1937 దాకా దారి మొత్తం పూర్తికాలేదు. ఆ మధ్య కాలంలో ఎవరు నడిచినా ఉన్నంత మేర నడిచారు.

ఇంకో సంగతి. ఈ దారి అంతటా మొదట నడిచిన మనిషి మైరన్ ఏవరీ. వాషింగ్టన్‌లో ప్రభుత్వ న్యాయవాదిగా ఉద్యోగం చేసేవాడు. సెలవుల్లో క్లబ్బు వాళ్ళతో కలిసి కొండలెక్కి, చక్రం తోసుకుంటూ దూరం కొలుస్తూ, ఒక్కో భాగం చొప్పున నడిచి 1936కల్లా అంతా ముగించాడు. ఎర్ల్ షాఫర్ ఒకే ఏడాదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది 1948లో. ఏవరీ పూర్తి చేసిన పన్నెండేళ్ళ తర్వాత! 67 ఏళ్ళ వయసులో, 1955లో, ఒంటరిగా మొత్తం నడిచిన ఎమ్మా గేట్‌వుడ్ గురించి అందరూ చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే. ఆమె డెబ్భై దాటాక మూడోసారి ఇదే దారిని భాగాలుగా నడిచి ముగించిందన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. దారి బాగోగులు చూసే అపలాచియన్ ట్రెయిల్ కన్సర్వెన్సీ కూడా ఒకేసారి నడిచినవాళ్ళకూ, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా నడిచినవాళ్ళకూ ఒకే గుర్తింపు ఇస్తుంది. అక్కడ లేని ఎక్కువ తక్కువలు మనకెందుకు?

ఇప్పుడు మన సంగతికి వస్తాను. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళలో ఎంతోమంది హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి మామూలుగా 60 రోజుల గడువు. ఆరు నెలలు ఉద్యోగం వదిలేసి కొండల్లో నడవడం వాళ్ళకు కలలో కూడా కుదరదు. ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మనిషికి "ధైర్యం చేసి ఉద్యోగం మానెయ్, జీవితం ఒక్కటే" అని సలహా ఇవ్వడం అన్యాయం. పిల్లలు చిన్నవాళ్ళయితే, ఇండియాలో అమ్మానాన్నలకు ఏ రాత్రి ఏమవుతుందోనన్న టెన్షన్ ఉంటే కూడా అంతే. త్రూ హైక్‌కు కాళ్ళలో బలం ఒక్కటే చాలదు. ఎదురుచూడగలిగే ఉద్యోగం, చేతిలో డబ్బు, ఇంట్లో వెసులుబాటు ఉండాలి. ఇవన్నీ ఉన్నవాళ్ళు నడుస్తున్నారు, నాకు సంతోషమే. మొదలుపెట్టినవాళ్ళలో చివరిదాకా చేరేది సుమారు నలుగురిలో ఒకరు, కాబట్టి అది ఎంత కష్టమో నేను తగ్గించి చెప్పను. ఆ వెసులుబాట్లు లేనివాడు లాంగ్ వీకెండ్‌కు రెండు రోజుల సెలవు కలుపుకొని కొండెక్కితే, అది తక్కువ రకం నడక ఎలా అవుతుంది?

శరీరం సంగతి కూడా ఎవరూ మాట్లాడరు. రోజూ నడిచేవాళ్ళకు కొన్ని వారాలకు కాళ్ళు గట్టిపడతాయి. ట్రెయిల్ లెగ్స్ అంటారు. మడమలు, భుజాలు, ఊపిరి అన్నీ దారికి అలవాటు పడతాయి. సెక్షన్ హైకర్‌కు ఆ అవకాశం ఉండదు. ఒళ్ళు అప్పుడప్పుడే దారిలో పడుతుంటే తిరిగి వెళ్ళాల్సిన రోజు వచ్చేస్తుంది. మళ్ళీ వచ్చినప్పుడు మొదటి ఎక్కుడు, మొదటి బొబ్బ, మొదటి రాత్రి పట్టని నిద్ర అన్నీ కొత్తగా మొదలు. త్రూ హైకర్లు ఒక్కసారి దాటిన ఆ మొదటి వారాన్ని మనం ప్రతిసారీ దాటాలి.

నియమాల్లోనూ తేడా ఉంది. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కు సరిహద్దుకు కనీసం 50 మైళ్ళ అవతల మొదలుపెట్టి, రెండో పక్కన కూడా 50 మైళ్ళ అవతలే ముగించేవాళ్ళను మాత్రమే ఆ పార్కు త్రూ హైకర్లుగా లెక్కిస్తుంది. మిగతావాళ్ళం ఏ రాత్రి ఏ షెల్టర్‌లో ఉంటామో ముందే బుక్ చేసుకోవాలి. వాన కుండపోతగా కురిసినా, మోకాలు పట్టేసినా ఆ రాత్రికి అక్కడికి చేరాలి. రద్దీని అదుపులో పెట్టాలి కాబట్టి ఆ నియమం మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ ప్లానింగ్ ఎంత పని అన్నది మాత్రం గుర్తించమంటాను.

నేను మనసు పెట్టి నడిచిన భాగం వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కులో ఉంది. ఆ పార్కులో ట్రెయిల్ వంద మైళ్ళ పైనే ఉంటుంది. స్విఫ్ట్ రన్ గ్యాప్ అనే కనుమ నుంచి ఉత్తరంగా థార్న్‌టన్ గ్యాప్ దాకా మధ్య భాగం నాకు చాలా ఇష్టం. దూరంగా వెళ్ళాల్సిన త్రూ హైకర్లు ఈ చోటును "తేలిక, చకచకా దాటేయొచ్చు" అంటారు. నిజమే, వాలు మెల్లగా ఉంటుంది. ఆ వాలు ఎందుకు మెల్లగా ఉందో చూడండి. 1930లలో కొండల అంచున స్కైలైన్ డ్రైవ్ రోడ్డు వేసినప్పుడు ట్రెయిల్‌ను పక్కకు జరపాల్సి వచ్చింది. నిరుద్యోగ యువకులకు పని కల్పించే ప్రభుత్వ పథకం, సివిలియన్ కన్సర్వేషన్ కోర్, కింద వచ్చిన కుర్రాళ్ళు కొండవాలులో రాయి మీద రాయి పేర్చి కొత్త దారి కట్టారు. సిమెంటు లేకుండా పేర్చిన ఆ గోడలు ఇప్పటికీ మన కాళ్ళ కింద దారిని మోస్తున్నాయి. ఆగి, వంగి చూస్తేనే కనబడతాయి. అన్నట్టు, ఈ రోడ్డు విషయంలోనే మెకాయ్‌కూ ఏవరీకీ చెడింది. కొండ శిఖరాల మీదికి కార్లేమిటని మెకాయ్, దారి పూర్తికావడమే ముఖ్యమని ఏవరీ. నేను మెకాయ్ పక్షం. ఆ రోడ్డు ఉండబట్టే నాలాంటివాళ్ళు సులువుగా అక్కడికి చేరగలుగుతున్నారు, అదీ ఒప్పుకుంటాను.

ఆ అడవిలో ఇంకో చరిత్ర ఉంది. పార్కు కోసం ఆ కొండల్లో బతికే వందల కుటుంబాలను ఖాళీ చేయించారు. దారి పక్కన కూలిన రాతి పొగగొట్టాలు, చిన్న చిన్న శ్మశానాలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఈ అడవిలో చెస్ట్‌నట్ చెట్లు మహావృక్షాలుగా ఉండేవి. 1904లో న్యూయార్క్‌లో బయటపడిన తెగులు కొన్ని దశాబ్దాల్లో వాటిని తుడిచిపెట్టేసింది. ఇప్పటికీ పాత వేళ్ళ నుంచి చిగుర్లు వస్తాయి, మనిషెత్తు కాస్త దాటి ఎదుగుతాయి, మళ్ళీ తెగులు సోకి చస్తాయి. ఆ ఆకును గుర్తుపట్టడం నేర్చుకున్నాక నేను మునుపటిలా గబగబా నడవలేకపోయాను. స్టోనీ మ్యాన్ శిఖరం బండల మీద కూర్చుని, కింద షెనాండోవా లోయ, దాని అవతల మసనటన్ కొండ బారు చూస్తూ ఎంతసేపు ఉన్నానో చెప్పలేను. చీకటి పడేలోపు ఇంకో ఎనిమిది మైళ్ళు కొట్టాలన్న తొందర లేకపోవడం నాకు దొరికిన వరం. తీరిగ్గా నడిచేవాడికి దారి చాలా చెబుతుంది.

ఏకధాటిగా నడవడం ఎంత అదృష్టం మీద ఆధారపడి ఉంటుందో 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను చూపించింది. టెనెసీలో ఎర్విన్ దగ్గర ట్రెయిల్ నోలిచకీ నదిని దాటే వంతెన కొట్టుకుపోయింది. దక్షిణ భాగంలో మైళ్ళకు మైళ్ళు చెట్లు కూలి దారి మూసుకుపోయింది. ఏడాదంతా డబ్బు కూడబెట్టి బయలుదేరినవాళ్ళ నడక మధ్యలో ఆగింది. వాళ్ళ బాధ చిన్నది కాదు. మధ్యలో ఒక ముక్క వదిలి ముందుకు సాగాల్సి వచ్చినవాళ్ళ నడక చెల్లదని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేవి కొన్ని. మొదట తిరుగు ప్రయాణం తేల్చుకోండి. కారు చివరన పెట్టి, హైకర్లను చేరవేసే షటిల్ బండిలో మొదలుకు వెళ్ళి, కారు వైపు నడవడం మేలు. అప్పుడు చివరి రోజు ఎవరికోసమూ ఎదురుచూడక్కర్లేదు. దూరం ఒక్కటే చూసి ప్లాన్ వేయకండి, ఎక్కుడు కూడా లెక్కవేయండి. నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ వాడతారు: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. బరువైన బ్యాగుతో దానికి మించే పడుతుంది. దిగడం తేలిక అనుకోవద్దు. మేరీస్ రాక్ నుంచి థార్న్‌టన్ గ్యాప్‌కు దిగేటప్పుడు మోకాళ్ళ సంగతి తెలుస్తుంది, చేతికర్రలు తీసుకెళ్ళండి. ఊట నీళ్ళయినా ఫిల్టర్ చేసే తాగండి. ప్రతి సాయంత్రం ఒళ్ళంతా పిడుదుల కోసం వెతుక్కోండి, లైమ్ వ్యాధి అక్కడ నిజంగానే ఉంది. షెనాండోవాలో ఎలుగుబంట్లు ఎక్కువ, తిండి టెంట్‌లో పెట్టుకోకండి. హట్‌ల (అక్కడ షెల్టర్లను అలా అంటారు) దగ్గర పొడవాటి ఇనప స్తంభాలుంటాయి, సంచి వాటికే వేలాడదీయాలి. బ్లూటూత్ స్పీకర్ కారులోనే వదిలెయ్యండి, దయచేసి.

ఇక ఆ దారిని నిలబెట్టేవాళ్ళ గురించి. చెట్ల మీద రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవున కనిపించే తెల్ల గుర్తులు, వాన నీరు దారిని కోసెయ్యకుండా పక్కకు మళ్ళించే రాతి అడ్డుకట్టలు, కూలిన చెట్టును కోసి తీసిన సందు, వీటిలో చాలాభాగం 30 దాకా ఉన్న ట్రెయిల్ క్లబ్బుల వాలంటీర్ల పని. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, తమ సెక్షన్‌కు మళ్ళీ మళ్ళీ వెళ్ళి బురద తోడి వస్తారు. షెనాండోవాలో ట్రెయిల్‌ను చూసుకునేది 1927లో పుట్టిన పొటోమాక్ క్లబ్బు. దాని మొదటి అధ్యక్షుడు ఆ ఏవరీయే. వాళ్ళ పని రోజులకు ముందు అనుభవం అక్కర్లేదు, పనిముట్లు వాళ్ళే ఇస్తారు. చేతికి తొడుగులు, గట్టి బూట్లు, తాగడానికి నీళ్ళు ఉంటే చాలు. ఈ ఆకురాలు కాలంలో ఆకులతో మూసుకుపోయిన కాలువలు తోడటానికి నేను వెళ్తున్నాను. వర్జీనియా, మేరీల్యాండ్ వైపు ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తానంటే మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.