పొందూరు పక్కనే ఉండి యూట్యూబ్ వీడియో ఎందుకు?

డిగ్రీ కాలేజీల్లో ప్రాజెక్టు సెమినార్లు నడుస్తున్నాయి. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేసిన పిల్లలు స్లైడ్లు వేసి చెప్తారు, మాలాంటి వాళ్లం కూర్చుని మార్కులు వేస్తాం. ఈమధ్య మా మార్కుల షీట్లో కొత్తగా ఒక గడి చేరింది. వీడియో వాడారా? అవును, లేదు. ఆ గడి వచ్చిన దగ్గర్నుంచి ప్రతి బ్యాచ్ ఏదో ఒక వీడియో తెచ్చి మధ్యలో అతికిస్తోంది, హాల్లో లైట్లు ఆర్పుతున్నారు, మ్యూజిక్ మోగుతోంది, చెప్పాల్సిన పిల్లాడు పక్కకి తప్పుకుని తనూ ప్రేక్షకుడైపోతున్నాడు. చూస్తుంటే బాధ, కోపం రెండూ వస్తున్నాయి.

ఒక్కటి చెప్తాను. శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గర ఊరి కుర్రాడు, పొందూరు ఖద్దరు మీదే ప్రాజెక్టు. మంచి టాపిక్, కుర్రాడు తెలివైనవాడు. వీడియో మొదలైంది. ఏదో రాష్ట్రంలో పెద్ద బట్టల మిల్లు, పైనుంచి డ్రోన్ షాట్, ఇంగ్లీషు వ్యాఖ్యానం. అది అయిపోయాక తన స్లైడ్ వచ్చింది, అందులో ఒక లైను: 'వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేస్తారు.' చదివేసి ముందుకు వెళ్లిపోయాడు. అయ్యో అనిపించింది నాకు! మొత్తం ప్రెజెంటేషన్లో వీడియో కావాల్సిన చోటు ఆ ఒక్క లైనే కదా. చేప దవడ ఎముకతో పత్తి దువ్వడమేమిటి, దాన్ని ఎలా పట్టుకుంటారు, ఎటు లాగుతారు, ఎంత ఒత్తుతారు? విన్నవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. అదే ఒక పెద్దావిడ ఒళ్లో పత్తి పెట్టుకుని, ఆ సన్నని పళ్ల వరసతో దువ్వుతుంటే చెత్త రాలిపోయి పోగులు వరసకి రావడం ఇరవై సెకన్లు చూపిస్తే, 100 కౌంటు నూలు, అంటే అంత సన్నని నూలు, చేత్తో ఎలా వడకగలుగుతున్నారో హాల్లో చివరి బెంచీవాడికి కూడా తెలుస్తుంది. ఆ కుర్రాడి జేబులో ఫోన్ ఉంది. పొందూరు ఆటోలో వెళ్లొచ్చేంత దూరం.

నేను నమ్మేది ఇదే. వీడియో అన్నది కదలికని చూపించడానికి. కదిలేది ఏదైనా ఉండి, ఆ కదలిక తెలిస్తే తప్ప విషయం అర్థం కాదు అన్నప్పుడు వీడియో పెట్టండి. లేదంటే వద్దు, ఒక మంచి ఫోటో చాలు, కొన్నిసార్లు ఫోటోయే మేలు. బొబ్బిలి వీణ తీసుకోండి. తయారైన వీణ మీద నగిషీ చూపించాలంటే ఫోటో పెట్టి ఆగండి, చూసేవాళ్లు తీరిగ్గా చూస్తారు, వీడియోలో కెమెరా అటూ ఇటూ తిప్పితే ఏదీ కంటికి ఆనదు. ఆ వీణలు చేసే గొల్లపల్లిలో ఒకే పనస మొద్దుని లోపల డొల్లగా ఎలా తొలుస్తారో చూపించాలంటే మాత్రం వీడియో ఉండాల్సిందే. పలాస జీడిపప్పు కూడా అంతే. పిక్క కొట్టి లోపలి పప్పు విరగకుండా తీసే ఆ వేళ్ల నేర్పు వీడియో. జీడి రసం అంటి చర్మం నల్లబడిన చేతులు ఫోటో. ఆ ఫోటో మీద ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండగలిగితే ఇంకా మంచిది. తప్పెటగుళ్లు అనే జానపద నృత్యం మీద ప్రాజెక్టు చేసి ఒక్క అడుగు కూడా కదిలించకుండా, గుండెల మీద రేకు తప్పెట కట్టుకుంటారు, కాళ్లకి గజ్జెలు కడతారు అని పాయింట్లు రాసుకొచ్చిన వాళ్లనీ చూశాను, దానికి ఏమనాలో నాకు తెలియలేదు.

పవర్‌పాయింట్ 1987లో మొదట మాకింటోష్ కంప్యూటర్లకి వచ్చింది, అప్పుడు దాని పని ప్రొజెక్టర్ మీద పెట్టే ట్రాన్స్‌పరెన్సీ షీట్లు తయారు చేయడం. వీడియో తర్వాత వచ్చి చేరింది. మనవాళ్లు ఇప్పటికీ దాన్ని ఆ షీట్ల మధ్య ఇంటర్వెల్ లాగే వాడుతున్నారు.

కంటికి కనపడని కదలికలు కూడా ఉంటాయి, అక్కడ యానిమేషన్ వాడుకోవచ్చు. మా జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు మీద ప్రతి ఏడాదీ ప్రాజెక్టులు వస్తాయి, రావాలి కూడా, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు పిల్లలకి అది ఇంట్లో విషయం. కానీ అందులో పెట్టే వీడియోలు చూస్తే నాకు మనసొప్పదు. మంచం మీద రోగి, ముఖం దగ్గరగా, వెనక ఏడుపు మ్యూజిక్. ఆ మనిషిని అడిగారా? రేపు ఆ క్లిప్ ఎవరెవరి ఫోన్లోకి వెళ్తుందో ఆలోచించారా? డయాలసిస్ ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు పడుతుంది, ఆ నాలుగు గంటలూ రక్తం బయటికి వచ్చి, సన్నటి బోలు పోగులున్న ఫిల్టరు లోంచి వెళ్లి, వ్యర్థాలు వదిలేసి మళ్లీ ఒంట్లోకి వెళ్తుంది. ఆ తిరుగుడు అరనిమిషం యానిమేషన్‌లో చూపించండి, వారంలో అన్నేసి గంటలు మంచానికి కట్టుబడితే కూలి పని ఏమవుతుందో మీ నోటితో చెప్పండి. అసలు కారణం ఇదీ అని ఇంకా తేలని జబ్బు అది, ఆ మాట కూడా మీరే చెప్పాలి, మ్యూజిక్ చెప్పదు.

ఇంకోటి, సౌండ్. వీణ నాదం, తప్పెటగుళ్ల దెబ్బ లాంటివి తప్ప దాదాపు ప్రతి క్లిప్‌నీ మ్యూట్ చేసేయండి. వీడియో నడుస్తుండగా మీరు మాట్లాడండి. 'ఇదిగో ఇక్కడ చూడండి, ఎడమ చెయ్యి చూడండి' అని వేలు పెట్టి చూపించండి. అప్పుడు హాలంతా మీతో ఉంటుంది. రిచర్డ్ మేయర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ వీడియోలతో, బొమ్మలతో మనుషులు ఎలా నేర్చుకుంటారన్న దాని మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు, విషయానికి సంబంధం లేని ఆకర్షణలు పెట్టినప్పుడు నేర్చుకోవడం తగ్గుతుందనీ, పెద్ద పాఠాన్ని ముక్కలు చేసి చూపిస్తే పెరుగుతుందనీ తేల్చాడు. అందుకే నాలుగు నిమిషాల వీడియో ఒక్కటి వద్దు, ఇరవై సెకన్లవి మూడు పెట్టి, ప్రతిదాని తర్వాత ఆగి మాట్లాడండి. కీబోర్డు మీద బి నొక్కితే స్లైడ్ షోలో తెర నల్లబడుతుంది, అందరి కళ్లూ మీ వైపు తిరుగుతాయి. ఇది చాలామందికి తెలియదు.

ఇక హాల్లో అందరికీ టెన్షన్ తెప్పించే సంగతులు. యూట్యూబ్ లింకు పెట్టుకుని నెట్ కోసం చూడకండి, ఫైల్నే స్లైడ్లో చొప్పించండి. 2010 వెర్షన్ నుంచి పవర్‌పాయింట్ వీడియోని తనలోనే దాచుకుంటోంది, పాతవాటిలాగా ఫోల్డర్ మారితే పోదు. కొత్త ఫోన్లు కొన్ని హెచ్‌ఈవీసీ అనే కొత్త రకం వీడియో ఫార్మాట్లో తీస్తాయి, కాలేజీ పాత కంప్యూటర్లలో బొమ్మ రాకపోవచ్చు, కెమెరా సెట్టింగుల్లో మార్చుకోండి లేదా ఎంపీ4, హెచ్ 264 కి మార్చి తెచ్చుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ప్రొజెక్టరుకి వీజీఏ కేబుల్ అయితే అందులోంచి సౌండ్ రాదు, స్పీకరు వేరే పెట్టుకోవాలి. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయండి, దయచేసి. పవర్‌పాయింట్‌లో ప్లేబ్యాక్ ట్యాబ్ కింద ట్రిమ్ ఉంటుంది, మొదట్లో చెయ్యి వణికిందీ, చివర్లో 'అయిపోయిందా' అన్న మాటా కోసేయండి.

తీసేముందు ఆ పని చేసే అమ్మని అడగండి, ఎక్కడ చూపిస్తారో చెప్పండి. తర్వాత ఆ క్లిప్ వాళ్లకీ పంపండి.

నాతో పాటు మార్కులు వేసే మాస్టార్లకీ మేడమ్‌లకీ ఒక మనవి. ఆ గడి కొట్టేద్దాం. ఉందా లేదా అని అడిగినంత కాలం పిల్లలు ఉండేలా చేస్తారు, అంతకుమించి చేయరు. దాని బదులు 'ఈ వీడియో తీసేస్తే ఏం అర్థం కాకుండా పోతుంది?' అని ఒక్క ప్రశ్న అడుగుదాం, సమాధానం చెప్పినవాడికి మార్కులిద్దాం, వీడియో లేకుండా రెండు ఫోటోలతో బాగా చెప్పిన అమ్మాయికీ అంతే ఇద్దాం. వచ్చే స్టాఫ్ మీటింగ్‌లో నేను లేవనెత్తుతాను, మీరు తోడు రండి.