సగటు సైజు గారికి, ల్యాబ్ నుంచి

అయ్యా సగటు గారూ,

మా అరలో ఓ నల్ల సీసా ఉంది. లోపల ఫెర్రోఫ్లూయిడ్, అంటే మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్ నానో రేణువులు తేలే అయస్కాంత ద్రవం. దాని మీద ‘మాగ్నటైట్, 10 నానోమీటర్లు’ అని మార్కర్‌తో రాసింది నేనే, మీ మాట నమ్మి. నిన్న పెట్రీ డిష్‌లో కాస్త పోసి కింద అయస్కాంతం పెడితే ద్రవం పనసకాయ ముళ్లలా లేచింది. ఆహా అనుకుంటూ సీసా వంచి చూస్తే అడుగున కాటుకలా మడ్డి!

మీ లెక్క ఒకసారి చూద్దాం. తొమ్మిది రేణువులు 9 నానోమీటర్లు, ఒక్కడు 19. సగటు సరిగ్గా 10. బాగుంది. కానీ అయస్కాంత బలం వ్యాసానికి కాదు, ఘనపరిమాణానికి లొంగుతుంది. 9 ఘనం 729. తొమ్మిది మందిదీ కలిపితే 6,561. ఆ ఒక్కడిదే 6,859! బలహీనమైన అయస్కాంత ఫీల్డ్‌లో ద్రవం స్పందన వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అక్కడ తొమ్మిది మందీ కలిసినా అతగాడిలో పదో వంతే. వీళ్లందర్నీ ఒకే గాటన కట్టేశారు మీరు.

ఆ పెద్దాయన ఊరుకుంటాడా? ఫీల్డ్ తగలగానే తనలాంటివాళ్లతో చేయి కలిపి గొలుసు కడతాడు. ద్రవం చిక్కబడుతుంది. గట్టిగా కలియబెడితే గొలుసులు తెగి మళ్లీ పలచన. రేణువులు అతుక్కోకుండా వేసే ఒలియిక్ ఆమ్లం పూత చిన్నవాళ్లను విడివిడిగా ఉంచగలదు గానీ, ఇతని ఆకర్షణ ముందు నిలవలేదు. ఫీల్డ్ తీసేశాక లోపలి అయస్కాంత దిశ తిరగడానికి పట్టే సమయం కూడా ఘనపరిమాణంతో ఘాతీయంగా పెరుగుతుంది. వేల, లక్షల రెట్ల తేడా. రేణువులతో క్యాన్సర్ కణితిని వేడెక్కించాలనుకునేవాళ్లకు అదే పెద్ద టెన్షన్.

అలాగని చిన్నవాళ్లూ అమాయకులు కారు. వాళ్లకు ఉపరితలమే ఎక్కువ, అక్కడి స్పిన్‌లు, అంటే అణువుల్లోని బుల్లి అయస్కాంతాలు, వరసలో నిలబడవు. సైజుకు తగ్గ బలం కూడా ఉండదు.

1960ల మొదట్లో నాసాలో స్టీవ్ పాపెల్ రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో లాగాలని, అందులో కలిపేందుకు మాగ్నటైట్‌ను బాల్ మిల్లులో రోజుల తరబడి నూరించాడు. నూరితే అన్నీ సమానమవుతాయా? మా ఇంట్లో పచ్చడి నూరినా కాలేదు.

ఇకపై ఒంటరిగా రాకండి. సైజులు మీ చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ గారిని వెంటబెట్టుకు రండి. ఏ సైజువాళ్లు ఎందరో చూపే హిస్టోగ్రామ్‌లో కుడివైపు, పెద్దవాళ్లుండే ఆ పొడవాటి తోకనూ తీసుకురండి.

రేపటి గ్రూప్ మీటింగ్‌కు మాత్రం మీరొక్కరే రావాలి. స్లైడ్‌లో ఒక్క అంకెకే చోటుంది.

ఇట్లు,
లేబుల్ ఇంకా చెరపని మీ రీసెర్చ్ స్కాలర్